ఎజెండాలో ఏడో అంశం: బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్ కార్యవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, మరీ ముఖ్యంగా ఈ తీర్మానం రాసిన తెలుగు మిత్రులకు,

నమస్కారం. వచ్చే ఆదివారం జనరల్ బాడీకి మీరు పంపిన ఎజెండా చదివాను. లిఫ్టు మరమ్మతులు, ట్యాంకరు నీళ్ల బిల్లు, మెయింటెనెన్స్ బకాయిలు, వాటి మధ్యలో ఏడో అంశంగా తుపాకులు. మన కాంప్లెక్సులో ఇష్టమున్న పదిమంది ఓనర్లు రివాల్వరు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి, అసోసియేషన్ వాళ్లకు సిఫారసు ఉత్తరం ఇవ్వాలి, శిక్షణ ఖర్చులో సగం కార్పస్ ఫండ్ భరించాలి, ఆపద వస్తే పోలీసులు వచ్చేదాకా ఆ పదిమందే కాపుండాలి. ఇదీ మీ తీర్మానం సారాంశం. తెలుగువాళ్ల దసరా భోజనాల దగ్గర పుట్టిన ఆలోచన కాబట్టి నేనూ తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లిషు, కన్నడ ప్రతులు కార్యదర్శి గారికి విడిగా ఇస్తాను.

ఈ తీర్మానాన్ని వెనక్కి తీసుకోమని అడగడానికే ఈ లేఖ. మీ భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవడం లేదు. 2025 జనవరి 16న బీదర్‌లో పట్టపగలు, బ్యాంకు ముందే, బైకు మీద వచ్చిన ఇద్దరు ఏటీఎం డబ్బు తెచ్చిన సిబ్బందిని కాల్చారు. ఒకరు చనిపోయారు. ఆ సాయంత్రానికి వాళ్లు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో తేలి, అక్కడ ఒక ట్రావెల్స్ ఆఫీసు మేనేజరు మీద కాల్పులు జరిపారు. అదే ఏడాది నవంబరు 19న మన ఊళ్లోనే క్యాష్ వ్యాను నుంచి 7.11 కోట్లు పోయాయి. మన ఇళ్లల్లో సగం మందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపేసినప్పుడు, వాళ్లలో హైదరాబాద్ కుటుంబానికి చెందిన ఒక యువ ఇంజనీరు కూడా ఉందని తెలిసిన రాత్రి మన టవర్లలో ఎన్ని ఇళ్లల్లో దీపాలు ఆరలేదో నాకు గుర్తుంది. డల్లాస్‌లో చాలా కాలం ఉండి వచ్చిన మన మిత్రుడు ఆ రాత్రి గురించే చెబుతూ, అక్కడ ఒక్క మంచివాడి దగ్గర తుపాకీ ఉంటే కథ వేరేలా ఉండేదన్నారు. మీ తీర్మానానికి పునాది ఆ మాటే.

ఆ మాట కొత్తది కాదు. 2012 డిసెంబరు 14న శాండీహుక్ బడిలో ఇరవైమంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను చంపిన వారానికి అమెరికా తుపాకీ యజమానుల సంఘం నాయకుడు వేన్ లాపియర్ సరిగ్గా ఇదే అన్నాడు: తుపాకీ పట్టిన చెడ్డవాణ్ణి ఆపగలిగేది తుపాకీ పట్టిన మంచివాడేనని. వినడానికి బాగుంటుంది. కానీ ఆలెన్ ఉన్న టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, నేరచరిత్ర వంటి అడ్డంకులు లేని 21 ఏళ్లు దాటినవాళ్లు లైసెన్సు కూడా లేకుండా చేతి తుపాకీ వెంట పెట్టుకు తిరగొచ్చు. అన్ని తుపాకులున్న రాష్ట్రంలో ఆ కాల్పులను ఆపింది, వేరే పనిమీద ఆ మాల్‌కు వచ్చిన ఒక పోలీసు అధికారి.

అలాగని సాయుధ పౌరుడు ఎప్పుడూ ఎవరినీ కాపాడలేదని నేననను. అంటే అబద్ధమవుతుంది. 2022 జులై 17న ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ పార్క్ మాల్‌లో ఒకడు రైఫిలుతో కాల్పులు మొదలుపెట్టాడు. 22 ఏళ్ల కుర్రాడు ఒకడు తన పిస్తోలుతో దాదాపు నలభై గజాల దూరం నుంచి, పదిహేను సెకన్లలో వాణ్ణి పడగొట్టాడు. అప్పటికే ముగ్గురు చనిపోయారు, ఆ కుర్రాడు లేకపోతే ఇంకెంతమంది పోయేవారో. తమాషా ఏమిటంటే, ఆ మాల్ నిబంధనల ప్రకారం లోపలికి తుపాకీ తేకూడదు. 2019 డిసెంబరు 29న టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ఇద్దరిని కాల్చినవాణ్ణి చర్చి రక్షణ బృందంలోని ఒకాయన ఆరు సెకన్లలో ఒకే ఒక్క తూటాతో ఆపాడు. ఆయన మాజీ రిజర్వు పోలీసు, తుపాకీ కాల్చడం నేర్పే మనిషి.

మీ తీర్మానానికి జతచేసిన కాగితాల్లో ఈ రెండు సంఘటనలూ ఉన్నాయి. లేనివి రెండు నేను జోడిస్తాను.

2021 జూన్ 21, కొలరాడోలోని ఆర్వాడా. ఒక పోలీసును చంపినవాణ్ణి జానీ హర్లీ అనే పౌరుడు తన తుపాకీతో కాల్చి పడేశాడు. మీరు కలగంటున్న మంచివాడు అచ్చం అతనే. పడినవాడి రైఫిలును చేతిలోకి తీసుకున్నాడు. అంతలో వచ్చిన ఇంకో పోలీసు, రైఫిలు పట్టుకున్న మనిషిని చూసి హంతకుడు ఇతనేననుకుని కాల్చేశాడు. హర్లీ చనిపోయాడు. ఆ పోలీసు మీద కేసు పెట్టాల్సిన పని లేదని ప్రాసిక్యూటరు తేల్చారు.

2011 జనవరి 8, ఆరిజోనాలోని టూసాన్. పార్లమెంటు సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ సభలో కాల్పులు జరిగాయి, ఆరుగురు చనిపోయారు. పక్క దుకాణంలోంచి ఒక యువకుడు జేబులో తుపాకీ మీద చెయ్యేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఎదురుగా ఒకాయన తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాల్చబోయి ఆగాడు. ఆ నిలబడినాయన అంతకు క్షణం ముందే హంతకుడి చేతిలోంచి దాన్ని లాక్కున్నవాడు! హంతకుణ్ణి అప్పటికే నేలకేసి అదిమిపెట్టినవాళ్ల చేతుల్లో ఏమీ లేవు. వాడు మళ్లీ తూటాలు నింపుకోబోతుంటే మ్యాగజీను పట్టి లాగింది అరవై దాటిన ఒక మహిళ.

ఇవి విడి ఉదంతాలే, వీటితో ఏదీ రుజువు కాదనొచ్చు. అయితే లెక్క చూడండి. 2000 నుంచి 2013 వరకు అమెరికాలో జనం మధ్య ఇలా కాల్పులు జరిగిన 160 ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలించింది. పోలీసులు కాని సాయుధులు ఎదురుకాల్పులు జరపడంతో ముగిసినవి 5. ఆ ఐదింట్లో నాలుగు చోట్ల కాల్చినవాళ్లు కాపలా బాధ్యత మీద ఉన్న గార్డులు, మామూలు లైసెన్సు ఉన్న పౌరుడు ఒక్కడు. ఆయుధం లేనివాళ్లు మీదపడి పట్టుకోవడంతో ముగిసినవి 21. ఎఫ్‌బీఐ లెక్కలు సాయుధ పౌరులను తక్కువ చేసి చూపిస్తున్నాయని వాదించేవాళ్లు అమెరికాలో ఉన్నారు, అదీ చెప్పాలి. ఐదును రెట్టింపు చేసినా ఇరవై ఒకటికి చాలా దూరం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతే బారులో మన హైదరాబాదీ ఇంజనీరును చంపినవాణ్ణి పట్టుకోబోయి తూటా దెబ్బ తిన్న అమెరికన్ కుర్రాడి చేతిలోనూ ఆయుధం లేదు.

పోనీ, తుపాకీ ఉన్నవాళ్లు ఎక్కువైతే మొత్తం మీద నేరాలు తగ్గుతాయా? తగ్గుతాయని 1990ల చివర్లో జాన్ లాట్ అనే ఆర్థికవేత్త లెక్కలు వేశాడు. 2004లో అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ వాటిని పరీక్షించి, ఆ మాట చెప్పడానికి ఆధారాలు చాలవంది. 2019లో జాన్ డొనహ్యూ బృందం ఇంకో పద్ధతిలో చూస్తే, తుపాకీ వెంట తీసుకెళ్లే హక్కును సులువు చేసిన రాష్ట్రాల్లో పదేళ్లకు హింసాత్మక నేరాలు, అలా చేయకపోతే ఉండేదానికంటే 13 నుంచి 15 శాతం ఎక్కువని తేలింది. పండితుల తగువు ఇంకా నడుస్తోంది. మన కార్పస్ ఫండ్‌తో ఆ తగువు తీర్చాల్సిన అవసరం లేదు.

ఇక గురి సంగతి. న్యూయార్క్ పోలీసులు జీతం తీసుకుని శిక్షణ పొందినవాళ్లు. 1998 నుంచి 2006 దాకా వాళ్ల రికార్డులను ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చూస్తే, అవతలివాడు కూడా కాలుస్తున్నప్పుడు వాళ్ల తూటాల్లో గురి తగిలినవి 18 శాతం. మిగిలిన 82 ఎక్కడికెళ్లాయి? 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ భవనం ముందు తెలిసింది. ఒక హంతకుణ్ణి ఇద్దరు పోలీసులు 16 తూటాలతో చంపారు. చుట్టుపక్కల నడుస్తున్న తొమ్మిదిమంది గాయపడ్డారు, అన్నీ పోలీసు తూటాల వల్లే. మన లిఫ్టు లాబీ వెడల్పు మీకు తెలుసు. సాయంత్రం ఆరింటికి అక్కడ ఎంతమంది పిల్లలు స్కేటింగ్ బూట్లతో తిరుగుతుంటారో కూడా తెలుసు.

నేను బ్యాంకు మనిషిని. సర్వీసులో చాలా భాగం అనంతపురం, కడప, బళ్లారి వైపు బ్రాంచీల్లో గడిచింది. తుపాకీ పక్కన కూర్చుని పనిచేసినవాణ్ణి. ఒక బ్రాంచిలో మా గన్‌మన్ చిత్తూరు జిల్లాకు చెందిన మాజీ సైనికుడు, చేతిలో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. పొద్దున స్ట్రాంగ్ రూములోంచి తుపాకీ తీస్తే రిజిస్టరులో సంతకం, సాయంత్రం పెడితే సంతకం. తూటాలు విడిగా లెక్క. నూనె రాసి తుడవడం, ఏటా పోలీసు రేంజికి వెళ్లి కాల్చి రావడం, పాతబడిన తూటాలు మార్పించడం. ఆ రేంజికి పంపే ఖర్చు కోసం పై ఆఫీసుకు ఎన్ని ఉత్తరాలు రాయాల్సి వచ్చేదో ఆ దేవుడికే తెలియాలి. అన్నేళ్లు సైన్యంలో ఉండి వచ్చిన ఆ మనిషి పింఛన్ల రోజు వస్తే తలుపు దగ్గర్నుంచి జరిగి గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఎందుకని అడిగితే, జనం ఇంత ఒత్తుగా ఉన్నప్పుడు దీన్ని పేలిస్తే ముందు పడేది వరసలో ఉన్న ముసలివాళ్లేననీ, ఈ రోజుల్లో తన పని తుపాకీని ఎవరూ లాక్కోకుండా చూసుకోవడమేననీ చెప్పాడు.

అది ఆయనకు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఉద్యోగం. మీరు ఎంపిక చేస్తామంటున్న పదిమంది మిత్రులు పొద్దున ఔటర్ రింగు రోడ్డు ట్రాఫిక్కులో రెండు గంటలు నలిగి, రాత్రి పదింటికి అమెరికా వాళ్లతో కాల్‌లో కూర్చునేవాళ్లు. వాళ్ల ధైర్యాన్ని నేను శంకించడం లేదు. ఏడాదికోసారి రేంజికి వెళ్లే తీరిక కూడా వాళ్లకు లేదంటున్నాను, అంతే.

నవంబరు నాటి క్యాష్ వ్యాను దోపిడీని మీరు తుపాకులు కావాలనడానికి ఉదాహరణగా రాశారు. ఆ వ్యానులో తుపాకులతో ఇద్దరు గన్‌మెన్ ఉన్నారు కదండీ! వచ్చినవాళ్లు రిజర్వు బ్యాంకు అధికారులమని చెప్పి, తనిఖీ అని నమ్మించి, సిబ్బందిని వేరే బండి ఎక్కించి, డబ్బు పట్టుకుపోయారు. ఒక్క తూటా పేలలేదు. తర్వాత అరెస్టయినవాళ్లలో ఒక పోలీసు కానిస్టేబులు, ఆ క్యాష్ సంస్థ మాజీ ఉద్యోగి ఉన్నారు. బెంగళూరులో మన దగ్గరికి వచ్చే ప్రమాదం ఎక్కువగా ఇలాగే వస్తుంది, ఐడీ కార్డు మెడలో వేసుకుని, చక్కగా మాట్లాడుతూ. రివాల్వరు ఎవరి మీద ఎక్కుపెడతారు? గ్యాసు కనెక్షను చూడ్డానికొచ్చానన్న మనిషి మీదా?

ఇదంతా ఆపద వచ్చిన రోజు సంగతి. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నవి ఆపద రాని రోజులు. లైసెన్సు వచ్చాక ఆ రివాల్వరు మీ పడగ్గది బీరువాలో ఉంటుంది. మాల్ మీద దాడి జరిగే రోజు మీ జీవితంలో బహుశా రాదు. భార్యాభర్తలు గొంతు చించుకునే రోజులు వస్తాయి. ఉద్యోగం పోయే రోజు వస్తుంది. ఇంటరు ఫలితాలు, నీట్ ర్యాంకులు వస్తాయి. ఆన్‌లైన్ బెట్టింగులో కొడుకు చేసిన అప్పు బయటపడే రోజూ వస్తుంది, మన టవర్లలో ఇప్పటికే వచ్చింది, ఎవరింట్లో అని అడక్కండి.

అమెరికాలో 2021లో తుపాకీ వల్ల చనిపోయినవాళ్లు 48,830 మంది. అందులో 26,328 మంది, అంటే సగానికి పైగా, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. అక్కడి తుపాకీ కథ అంటే మనం టీవీలో చూసే బడులూ మాళ్లూ అనుకుంటాం. ఎక్కువ భాగం మూసిన తలుపుల వెనకే జరుగుతోంది. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది పెద్దవాళ్ల రికార్డులను పన్నెండేళ్ల మేర చూసిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. చేతి తుపాకీ సొంతంగా ఉన్న మగవాళ్లు దానితోనే ప్రాణం తీసుకునే ప్రమాదం, లేనివాళ్లతో పోలిస్తే ఎనిమిది రెట్లు. ఆడవాళ్లకు ముప్పై అయిదు రెట్లు. ఆ పరిశోధకులే 2022లో ఇంకొకటి చూశారు: తనకు తుపాకీ లేకపోయినా, తుపాకీ ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ల సంగతి. వాళ్లు హత్యకు గురయ్యే ప్రమాదం రెండు రెట్లకు పైగా ఉంది. ఇంట్లోనే, జీవిత భాగస్వామి తుపాకీతో కాల్చడం వల్ల చనిపోయే ప్రమాదం ఏడు రెట్లు. అలా పోయినవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు.

మీ తీర్మానంలో మహిళల భద్రత అని ఒక పేరా ఉంది, 'నిర్భీక్' రివాల్వరు పేరు కూడా రాశారు. 2014లో కాన్పూరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మహిళల కోసమని తెచ్చింది, బరువు అరకిలో, అప్పటి ధర 1.22 లక్షలు. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది నిజమే. మన కాంప్లెక్సులో ఆడవాళ్లు సహాయం కోసం అర్ధరాత్రి నా భార్య దగ్గరికి వచ్చిన సందర్భాలున్నాయి. ఏ ఒక్కసారీ వాళ్లు బయటివాడికి భయపడి రాలేదు. ఆ ఇళ్లల్లో బీరువా తాళం ఎవరి జేబులో ఉంటుందో ఆలోచించండి.

డల్లాస్ మిత్రుడు ఇంకో మాటన్నారు: తుపాకీ అంటే గోడకు తగిలించిన అగ్నిమాపక సిలిండరు లాంటిది, అవసరం రాకపోతే మంచిదే, వస్తే చేతికందాలి అని. ఆ సిలిండరును తాగి వచ్చినవాడు పట్టుకున్నా, పదేళ్ల పిల్లాడు ఆడుకున్నా కార్పెట్టు తెల్లబడుతుంది, అంతకంటే ఏం కాదు. పైగా దాన్ని నలుగురికీ కనబడేచోట పెడతాం. తుపాకీని తాళం వేసి దాస్తే ఆపదలో అందదు, తలగడ కింద పెట్టుకుంటే ఇంట్లో అందరికీ అందుతుంది.

కొడగు సంగతి కూడా తీర్మానంలో వచ్చింది. అక్కడి కొడవ జనానికి, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూములున్నవాళ్లకు బ్రిటిషు కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సరేనంది. ఇంటింటా తుపాకీ ఉన్నా అక్కడ ప్రశాంతంగా ఉంది కదా అని మీ వాదన. మన బి టవర్లో ఉండే కొడగు పెద్దాయనను అడిగారా? వాళ్లకు మగబిడ్డ పుడితే ఒకసారి పేలుస్తారు, మనిషి పోతే రెండుసార్లు. కైల్‌పొళ్దు పండక్కి దాన్ని పూలు పెట్టి పూజిస్తారు. తాత చేతిలోంచి మనవడి చేతికి వచ్చే వస్తువు అది. అదంతా మనకు సిఫారసు ఉత్తరంతో రాదు.

తుపాకీతో కాపలా అనే సంప్రదాయం మనవాళ్లకూ ఒకటుంది, దాన్ని మనం రాయలసీమ నుంచి బస్సెక్కి వస్తూ వదిలేసి వచ్చాం. నేను అనంతపురంవాణ్ణి. గన్‌మెన్ల సుమోలు వెనకా ముందూ నడిచిన రోజులు చూశాను. పరిటాల రవి వెంట గన్‌మెన్ ఉండేవాళ్లు. 2005 జనవరి 24న అనంతపురంలో, సొంత పార్టీ ఆఫీసు ఆవరణలోనే చంపేశారు. అటువైపు వర్గాలకూ మనుషులున్నారు, ఆయుధాలున్నాయి. ఒక ఇంట్లో గన్‌మన్ వస్తే పక్క ఇంట్లో ఇద్దరు వచ్చేవాళ్లు. ఎవరికీ రాత్రి నిద్ర పెరగలేదు. ఆ ఊళ్లల్లోంచి పిల్లలను చదివించి బెంగళూరు పంపిన తల్లిదండ్రులు ఎందుకు పంపారో మనలో చాలామందికి బాగా తెలుసు.

దేశంలో ప్రభుత్వమే పౌరుల చేతికి తుపాకులిచ్చిన సందర్భాలున్నాయి. జమ్మూ కొండల్లో 1995 నుంచి గ్రామ రక్షణ కమిటీలకు పాత .303 రైఫిళ్లు ఇచ్చారు. 2023 జనవరి 1న రాజౌరీ జిల్లా ఢాంగ్రీలో ఉగ్రవాదులు ఇళ్ల మీద పడితే, అలాంటి రైఫిలుతో ఒక గ్రామస్తుడు ఎదురు కాల్చాకే వాళ్లు పారిపోయారు. అక్కడ అది ప్రాణాలు కాపాడింది, ఒప్పుకుంటాను. బలగాలు చేరడానికి కొండలు ఎక్కాల్సిన చోటు అది, ఆయుధం లెక్క పోలీసుల చేతిలో ఉంటుంది. ఇంకోవైపు ఛత్తీస్‌గఢ్. ఆదివాసీ యువకులకు స్పెషల్ పోలీసులని పేరుపెట్టి తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపారు. సల్వా జుడుం అనే ఆ మావోయిస్టు వ్యతిరేక ఉద్యమ కాలంలో ఊళ్లు వదిలి మన ఖమ్మం జిల్లా అడవుల్లోకి పారిపోయి వచ్చినవాళ్లను తెలుగువాళ్లం కళ్లారా చూశాం. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమంది, ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోమంది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించింది మన తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. చాలీచాలని శిక్షణతో మామూలు మనుషులను తుపాకీ ముందు నిలబెట్టడం, ముందు ఆ మనుషులకే అన్యాయమని ఆ తీర్పులో ఉంది. వీలుంటే ఆదివారంలోగా చదవండి.

చట్టం గురించి ఎక్కువ రాయను, మనలో లాయర్లు ఉన్నారు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు మన ఊళ్లో ఇచ్చేది పోలీసు కమిషనరు. ప్రాణభయం ఆ మనిషికి ఉందని చూపించాలి, అసోసియేషన్‌కు భయం వేసిందంటే చాలదు. పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, శిక్షణ సర్టిఫికెట్ అన్నీ కావాలి. 2019 సవరణ తర్వాత సంబరానికి గాల్లోకి పేల్చినా రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. సంక్రాంతి రాత్రి టెర్రస్ మీద మన కుర్రకారు ఉత్సాహం తెలిసినవాణ్ణి కాబట్టి ఇది చెబుతున్నాను. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది, అయితే పోలీసులను పిలిచే వ్యవధి ఉన్నచోట అది లేదు, అవసరానికి మించిన హాని చేసే హక్కూ లేదు. 112 నొక్కితే హొయ్సళ అనే పోలీసు గస్తీ బండి వచ్చే చోట ఉండి, కాల్చాక ఆ సంగతి కోర్టులో తేల్చుకోవాల్సింది అసోసియేషన్ కాదు, ఆ పదిమందిలో ఒకరు. సిఫారసు ఉత్తరం మీద సంతకం చేసిన అధ్యక్షుల వారిని కూడా అప్పుడు పిలిస్తే ఆశ్చర్యపోకండి.

డబ్బు ఖర్చుపెట్టాలనే ఉంటే చోటు చాలా ఉంది. బేస్‌మెంటు రెండో గేటు బూమ్ బారియర్ విరిగి వర్షాకాలం నుంచి అలాగే ఉంది, రాత్రి ఒంటిగంటకు ఎవరైనా నడిచి రావచ్చు. మన సెక్యూరిటీ కుర్రాళ్లు పన్నెండు గంటల డ్యూటీ అయ్యాక, రిలీవర్ రాకపోతే ఇంకో పన్నెండు గంటలు నిలబడుతున్నారు. 2005 ప్రైవేటు సెక్యూరిటీ చట్టం ప్రకారం వాళ్ల పూర్వాపరాలు ఏజెన్సీ విచారించి ఉండాలి, ఆ కాగితాలు చూపించమని మనం ఎప్పుడైనా అడిగామా? పై నుంచి కింద దాకా ఎవరి పేరు చెప్పినా గేటు తెరుచుకుంటోందంటే, ఆ లోపం రివాల్వరుతో పూడదు.

శిక్షణే కావాలంటే రక్తం ఆపే శిక్షణ పెట్టండి. శాండీహుక్ తర్వాత అమెరికా సర్జన్లు మామూలు జనానికి అది నేర్పడం మొదలుపెట్టారు, గాయపడినవాళ్లు ఆంబులెన్సు వచ్చేలోగానే రక్తం కారి చనిపోతున్నారని. గాయం మీద ఎలా అదిమిపట్టాలి, ఎక్కడ బిగించి కట్టాలి, ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. మన గేటు బయట వర్తూరు రోడ్డు మీద బైకుల ప్రమాదాలకు అది ప్రతినెలా పనికొస్తుంది. నిమ్హాన్స్ కేంద్రంగా నడిచే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రతి లిఫ్టులోనూ మేకప్ క్లాసుల ప్రకటన పక్కన అది అతికించడానికి ఎంతవుతుంది?

ఆదివారం నేను సమావేశానికి వస్తాను. తీర్మానాన్ని మీరే వెనక్కి తీసుకుంటే సంతోషం. ఓటింగుకు పెడితే మాత్రం చేతులెత్తించకండి, చీటీల మీద పెట్టండి, ఫ్లాటుకొక ఓటు కాకుండా ఇంట్లో ఉండే ఆడవాళ్లను కూడా అడగండి. బైలాస్ ఒప్పుకోవంటారా, కనీసం అభిప్రాయంగానైనా తీసుకుని మినిట్స్‌లో రాయండి.

అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది, దీనికి ఆదివారం దాకా ఆగొద్దు. ఇప్పటికే లైసెన్సు తుపాకీ ఉన్న ఓనర్ల పేర్లు, ఫ్లాటు నంబర్లు సేకరిస్తూ మీరొక స్ప్రెడ్‌షీటు పెట్టారు. అది లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకుంటోంది, అద్దెకున్నవాళ్లకూ, మానేసి వెళ్లిన ఫెసిలిటీ మేనేజరుకూ. లైసెన్సు తుపాకులు దొంగల చేతిలోకి వెళ్లే దారుల్లో ఇంటి దొంగతనం ఒకటి, మనం వాళ్లకు ఫ్లాటు నంబరుతో సహా రాసిస్తున్నాం. ఇవాళ సాయంత్రంలోగా దాన్ని తీసేసి, తీసేశామని నోటీసు బోర్డులో పెట్టండి.

ఇట్లు,
మీ పొరుగువాడు
రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు